గండిపేట పానీ, ఆముదం ఫ్యాక్టరీ, ఒక మినహాయింపు

గండిపేట పానీ ఒకసారి తాగినవాడు హైదరాబాద్ ఒదిలి పోడని మన బుజుర్గులు అంటుండేవారు. బొంబాయి పోయినా, జెద్దా పోయినా, చికాగో పోయినా ఆ పానీ మళ్లీ లాక్కొస్తుందట. ఈ మాట ఇప్పటికీ మెహమాన్లకు చెప్పి నవ్వుకుంటాం. ఆ పానీ కోసం సుప్రీంకోర్టు దాకా ఒక ముకద్దమా నడిచిందని మాత్రం మన ఇళ్లలో చాలామందికి తెలియదు. పైకి చూస్తే అది ఒక ఆముదం ఫ్యాక్టరీ మీద నడిచిన ముకద్దమా. కాగితాలు తిరగేస్తే తెలుస్తుంది, అసలు జగడం హుకూమత్‌కూ, హుకూమత్ తానే పెట్టుకున్న కాపలాదారుకూ మధ్యన అని.

కథ 1908 నుంచి చెప్పాలి. లేకపోతే ఆ తాలాబులు ఎందుకు ఉన్నాయో అర్థం కాదు.

1908 సెప్టెంబర్ 28న మూసీకి వచ్చిన సైలాబ్‌ను మన పాతవాళ్లు 'తుగ్యానీ' అనేవారు. సుమారు 15 వేలమంది చనిపోయారని లెక్క. పురానాపూల్ తప్ప మూసీ మీద ఉన్న మిగతా పూల్‌లన్నీ కొట్టుకుపోయాయి. అఫ్జల్‌గంజ్ దవాఖానా ఆవరణలోని చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది బతికారని చెప్పుకుంటారు, ఆ చెట్టు ఇంకా ఉంది. ఉర్దూ రుబాయీలకు పేరుపడ్డ అమ్జద్ హైదరాబాదీ ఆ రాత్రి తల్లినీ, భార్యనూ, కూతుర్నీ పోగొట్టుకుని తాను మాత్రం మిగిలాడు. ఉర్దూ మీడియం బడుల్లో చదివిన మా తరానికి ఆయన పేరు కవిగా తెలుసు. ఆయన అంత విరక్తి మనిషి ఎందుకయ్యాడో చెప్పాలంటే ఈ తుగ్యానీ దగ్గరికే రావాలి.

ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ విశ్వేశ్వరయ్యను పిలిపించాడు. ఆయన పని సీదాగా మొదలుపెట్టాడు. నీళ్లు షహర్‌లోకి ఎట్లా వచ్చాయని కాకుండా, పైన ఎక్కడి నుంచి బయల్దేరాయని చూశాడు. మూసీ పరీవాహకంలో 788 చెరువులు ఉన్నాయనీ, ఆ వానకు వాటిలో 221 తెగిపోయాయనీ లెక్క తేల్చాడు. వాటిలో పాల్మాకుల, పార్తి చెరువుల కట్టలు తెగడం పెద్ద దెబ్బ. పాల్మాకుల అంటే ఇవాళ్టి షంషాబాద్ వైపు. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, మనం మళ్లీ ఆ చుట్టుపక్కలకే రావాలి.

షహర్‌కు పైన రెండు పెద్ద జలాశయాలు కట్టి వరదను అక్కడే ఆపాలన్నది ఆయన సలహా. మహబూబ్ అలీ ఖాన్ 1911లో ఇంతకాల్ అయ్యాడు. ఆయన బేటా మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ హయాంలో పని జరిగింది. మూసీ మీద గండిపేట దగ్గర ఉస్మాన్ సాగర్ 1920లో పూర్తయింది. మూసీలో కలిసే ఈసీ నది మీద హిమాయత్ సాగర్ 1927లో. రెండోదానికి షహజాదా హిమాయత్ అలీ ఖాన్ పేరు పెట్టారు. ఒకదానిలో 3.9 టీఎంసీలు, మరోదానిలో దాదాపు 3 టీఎంసీలు నిలుస్తాయి. వరద ఆపడం మొదటి పని, తాగునీళ్లు ఇవ్వడం రెండోది. రెండూ షహర్‌కన్నా ఎత్తున ఉన్నాయి కాబట్టి నీళ్లు వాటంతట అవే పల్లానికి వచ్చేవి. మోటారు లేదు, కరెంటు బిల్లు లేదు. దశాబ్దాల తరబడి షహర్ ఆ పానీనే తాగింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. తాగే తాలాబును పాడుచేసుకోవడం మనకు కొత్తేమీ కాదు. 1562లో కుతుబ్‌షాహీల కాలంలో హజ్రత్ హుస్సేన్ షా వలీ చేతుల మీద కట్టిన హుస్సేన్ సాగర్ కూడా ఒకప్పుడు ఈ షహర్‌కు తాగునీళ్లు ఇచ్చిందే. తర్వాత కూకట్‌పల్లి నాలా వెంట ఫ్యాక్టరీల నీళ్లు, ఇళ్ల మురుగు దానిలోకి దిగాయి. ఇవాళ ట్యాంక్‌బండ్ మీద నిలబడి ఆ వాసన పీల్చి, ఇది తాగేవాళ్లమని బచ్చాలకు చెబితే మజాక్ అనుకుంటారు. హుస్సేన్ సాగర్‌ను ఎవరూ ఒక్క రోజులో చంపలేదు. దాని చుట్టూ ఇంత దూరం లోపల ఇది పెట్టొద్దు అని చెప్పిన కాగితం సమయానికి లేదు, అంతే.

పటాన్‌చెరులో అదీ జరిగింది, ఇంకా ఘోరంగా. షహర్‌కు నీళ్లు చాలక 1965 నుంచి మంజీర నీళ్లు తేవడం మొదలైంది. అదే కాలంలో బాలానగర్‌లో సోవియట్ మదద్‌తో ఐడీపీఎల్ వచ్చింది, దాని చుట్టూ మందుల తయారీ ఇల్మ్ పెరిగింది, అక్కడ పని నేర్చుకున్నవాళ్లు సొంత కంపెనీలు పెట్టారు. 1970లో వచ్చిన పేటెంట్ కానూన్ కూడా కలిసొచ్చింది. మెదక్ జిల్లా వెనకబడిన ఇలాకా కాబట్టి రాయితీలున్నాయి. పటాన్‌చెరు, బొల్లారం పారిశ్రామిక వాడలు నిండిపోయాయి. ఆ వ్యర్థాలు నక్కవాగులో పడ్డాయి, నక్కవాగు పోయి మంజీరలో కలుస్తుంది. వాగు ఒడ్డున ఉన్న కిసాన్ల బావులు పాడయ్యాయి, పొలాలు పాడయ్యాయి. 1990లో ఒక స్వచ్ఛంద సంస్థ సుప్రీంకోర్టుకు పోయింది. ఆ ఫైలు సుప్రీంకోర్టు నుంచి హైకోర్టుకూ, అక్కడి నుంచి గ్రీన్ ట్రిబ్యునల్‌కూ తిరుగుతూ పుట్టిన పిల్లలు పెళ్లీడుకు వచ్చేంత కాలం నడిచింది. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వదిలే నీళ్లను పరీక్షించారు. సుమారు 90 మందుల ఫ్యాక్టరీల వ్యర్థాలు ఆ కేంద్రానికి వస్తాయి. శుద్ధి చేశామన్న ఆ నీళ్లలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా దొరికింది. ఆ గోలీ మింగే మరీజ్ ఖూన్‌లో కూడా అంత ఉండదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, గండిపేట విషయంలో ఒక్కసారి మాత్రం హుకూమత్ ముందే మేలుకుంది. నీళ్లు పాడైన తర్వాత జరిమానా వేయడం గురించి ఆలోచించలేదు, పాడు కాకముందే హద్దు గీసింది. ఆ హద్దు గీసిన చెయ్యే దాన్ని ఎట్లా చెరిపిందో చూస్తేనే ఈ తారీఖ్ అసలు సంగతి అర్థమవుతుంది.

హుకూమత్ నిగ్రానీకి మన దేశంలో కానూన్ రూపం వచ్చింది 1974లో, జల కాలుష్య నివారణ చట్టంతో. ప్రతి రియాసత్‌లో ఒక కాలుష్య నియంత్రణ మండలి ఉండాలి, ఫ్యాక్టరీ పెట్టేవాడు దాని ఇజాజత్ తీసుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో మండలి 1976లో వచ్చింది. ఇది చాలా కొత్త తరహా దఫ్తరు. కలెక్టరు ఉన్నాడు, తహసీల్దార్ ఉన్నాడు, పరిశ్రమల శాఖ ఉంది, వీళ్లందరి పనీ సాధారణంగా 'సరే' అనడం. మండలి పని 'వద్దు' అనగలగడం. అయితే అదే చట్టం 18వ సెక్షన్‌లో ఒక మాట ఉంది: రియాసత్ సర్కారు రాతపూర్వకంగా ఇచ్చే ఆదేశాలకు మండలి కట్టుబడి ఉండాలి. కాపలాదారును పెట్టి, తాళంచెవి మాలిక్ జేబులో పెట్టుకున్నట్టు. 1984లో భోపాల్‌లో అంతమంది చనిపోయాక 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చింది. దానితో అధికారాలు పెరిగాయి, కానీ తాళంచెవి జేబులోనే ఉంది.

గండిపేట హద్దు సంగతికి వద్దాం. షహర్ పశ్చిమం వైపు పాకుతుండటంతో జలమండలి ఒక నిపుణుల కమిటీ వేసింది, రెండు తాలాబుల నీళ్ల నాణ్యతను ఎట్లా కాపాడాలో చెప్పమని. కమిటీ ఇచ్చిన మధ్యంతర రిపోర్టును పట్టుకుని 1994 మార్చి 31న జీవో 192 వచ్చింది. రెండు తాలాబుల చుట్టూ 10 కిలోమీటర్ల లోపల రకరకాల నిర్మాణాల మీద బందిష్. దాని బదులు మరింత వివరంగా 1996 మార్చి 8న వచ్చిందే ఇవాళ అందరి నోట్లో నానుతున్న జీవో 111. పూర్తి నీటిమట్టం నుంచి 10 కిలోమీటర్ల దాకా కాలుష్యం చేసే ఫ్యాక్టరీలు, పెద్ద హోటళ్లు, పెద్ద నివాస కాలనీలు వద్దు. లేఅవుట్ వేస్తే 60 శాతం ఖాళీ ఒదలాలి. 90 శాతం జమీన్ వ్యవసాయం లాంటి వాటికే ఉండాలి. మొయినాబాద్, షంషాబాద్, చేవెళ్ల, శంకర్‌పల్లి వైపు మొత్తం 84 గ్రామాలు, లక్షా 32 వేల ఎకరాలు దీని కిందికి వచ్చాయి.

ఇప్పుడు ఆముదం ఫ్యాక్టరీ. సురానా ఆయిల్స్ అండ్ డెరివేటివ్స్ అనే కంపెనీ 1995 సెప్టెంబర్ 26న షంషాబాద్ మండలం పెద్దషాపూర్‌లో 12 ఎకరాలు కొన్నది. జీవో 192 అప్పటికి ఏడాదిన్నర పాతది. అంటే జమీన్ కొనే నాటికే అక్కడ హద్దు ఉంది. స్థలం హిమాయత్ సాగర్ పరీవాహకంలో ఉంది, 1908లో కట్ట తెగిన నీళ్లు ఏ వైపు నుంచి దిగాయో ఆ వైపే.

ఆముదం అంటే అమాయకంగా వినిపిస్తుంది. మన దాదీలు పొట్టనొప్పికి తాగించింది, తలకు రాసింది. అయితే ఫ్యాక్టరీలో తయారయ్యేది ఆ ఆముదం కాదు. నూనెలోకి హైడ్రోజన్ ఎక్కించి గట్టిపరుస్తారు, దాని నుంచి రకరకాల ఆమ్లాలు తీస్తారు. ఆ పని జరగాలంటే నికెల్ కావాలి. వాడేసిన నికెల్ బయటికొస్తుంది, అది భారీ లోహం, ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కిందికి వస్తుంది. వాన పడితే ఫ్యాక్టరీ ఆవరణలోంచి నూనె, వ్యర్థాలు కలిసిన నీళ్లు కిందికి పారే అవకాశం ఉందని మండలి లెక్క. కేంద్ర పర్యావరణ శాఖ జాబితాలో ఇటువంటి పరిశ్రమలది రెడ్ కేటగిరీ.

ఇక ఒక్కో దఫ్తరు ఏం చేసిందో చూడండి. కేంద్రం 1996 జనవరిలో లైసెన్సుకు ముందు ఇచ్చే సమ్మతి పత్రం ఇచ్చింది, పర్యావరణపరంగా స్థలానికి రియాసత్ మంజూరీ ఉండాలన్న షర్తుతో. 1996 మే 24న జరిగిన పరిశీలనలో, జీవో 111 ఉంది కాబట్టి కుదరదని తిరస్కరించారు. వారం తిరగకముందే, మే 31న, గ్రామ పంచాయతీ ఫ్యాక్టరీ ప్లాన్‌కు మంజూరీ ఇచ్చేసింది. సెప్టెంబర్ 7న జిల్లా కలెక్టర్ ఆ జమీన్‌ను వ్యవసాయేతర అవసరాలకు మార్చుకోవచ్చన్నాడు. ఒకే సర్కారు, ఒకే జిల్లా, ఒకే పన్నెండు ఎకరాలు. ఒక బల్ల మీద వద్దు, పక్క బల్ల మీద సరే. జర్నలిస్టుగా ఇటువంటి ఫైళ్లు చూసినవాళ్లకు ఇందులో హైరత్ ఏమీ ఉండదు. ఎవరి దఫ్తరు కాగితం వాళ్లది. తాలాబు ఏ ఒక్కరి ఫైల్లోనూ పూర్తిగా లేదు.

1997 ఏప్రిల్ 7న కంపెనీ కాలుష్య నియంత్రణ మండలికి దరఖాస్తు పెట్టింది. దరఖాస్తు మండలి బల్ల మీద ఉండగానే జూలై 3న సర్కారు జీవో 153 తీసింది. ఈ ఒక్క కంపెనీకి జీవో 111 వర్తించదని అందులో ఉంది. పది కిలోమీటర్ల హద్దు అందరికీ ఉంటుంది, ఈ ఒక్కరికి ఉండదు.

ఇక్కడ నాకు ఒక లఫ్జ్ మీద ఆగాలనిపిస్తుంది. తెలుగులో ఎం.ఏ. చదివే రోజుల్లో నన్ను ఆశ్చర్యపరిచిన సంగతి, మన తెలుగు సర్కారీ భాష సగం మన ఇంటి భాషే. దరఖాస్తు, మంజూరు, తనిఖీ, జప్తు, జరిమానా, ఫిర్యాదు, హద్దు. పర్మిషన్ ఇచ్చేదీ, ఆపేదీ, శిక్షించేదీ అన్నీ ఫార్సీ, అరబ్బీ నుంచి ఉర్దూ దారిన వచ్చిన మాటలే. జీవో 153 ఇచ్చిన 'మినహాయింపు' కూడా 'మిన్‌హా' నుంచే వచ్చింది, అంటే అందులోంచి తీసేయడం. హిసాబ్ పుస్తకాల్లో మొత్తంలోంచి కొంత తగ్గించేటప్పుడు రాసేవారు. ఇక్కడ తగ్గించింది రూపాయలను కాదు, ఒక షహర్ తాగే నీళ్ల హిఫాజత్‌ను.

మండలి ఏం చేసిందన్నది ఈ కథలో నాకు అన్నిటికన్నా నచ్చిన ఘట్టం. పై నుంచి మినహాయింపు వచ్చేసింది. ఆ రోజుల్లో ఆ కుర్చీల్లో కూర్చున్న అధికారులు సర్కారు జీతం తీసుకునేవాళ్లే, తబాదలాలకు భయపడేవాళ్లే. అయినా 1997 జూలై 30న, జీవో 153 వచ్చిన 27 రోజులకు, మండలి దరఖాస్తును తిరస్కరించింది. ఇది కాలుష్యం చేసే పరిశ్రమ, రెడ్ కేటగిరీ, హిమాయత్ సాగర్ పరీవాహకంలో పెట్టడం మంచిది కాదు, జీవో 111 ఉంది అని రాసింది. సర్కారు ఇచ్చిన మినహాయింపును పక్కన పెట్టి సర్కారు గీసిన హద్దునే చూపించింది. ఆ చిట్ఠీ మీద దస్తఖత్ ఎవరిదో జనానికి గుర్తులేదు. నా దృష్టిలో ఆ దస్తఖత్‌కు ఉస్మాన్ సాగర్ కట్ట మీద ఒక తఖ్తీ పెట్టినా తప్పులేదు.

కంపెనీ అప్పీలుకు పోయింది. చట్టం ప్రకారం మండలి నిర్ణయాల మీద అప్పీలు వినడానికి ఒక అథారిటీ ఉంటుంది, అప్పుడు అందులో ఉన్నది ఒక రిటైర్డ్ జడ్జి. కంపెనీ తరఫున పేరున్న శాస్త్రవేత్తల హలఫ్‌నామాలు దాఖలయ్యాయి. టెక్నాలజీ హైదరాబాద్‌లోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ ఇచ్చింది, ఆమ్లపు నీళ్లు బయటికి రావు, వ్యర్థాలను డ్రమ్ముల్లో పట్టి అమ్మేస్తారు, నేల మీద ఏమీ పడదు అని. 1998 జనవరి 5న అథారిటీ కంపెనీ వైపు తీర్పు ఇచ్చింది, ఇజాజత్ ఇవ్వమని మండలిని ఆదేశించింది. పౌరులు, పర్యావరణ సంస్థలు వేసిన ముకద్దమాలు అప్పటికే హైకోర్టులో ఉన్నాయి. 1998 మే 1న హైకోర్టు కూడా వాటిని కొట్టేసి, కంపెనీ వైపే నిలిచింది.

మండలి సుప్రీంకోర్టుకు పోయింది. ఆ ముకద్దమా కానూన్ పుస్తకాల్లో 'ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలి వర్సెస్ ప్రొఫెసర్ ఎం.వి. నాయుడు' పేరుతో ఉంది. ఇవాళ దేశంలో ఏ లా కాలేజీలో పర్యావరణ చట్టం చదివే పిల్లలనైనా అడగండి, ఈ పేరు చెబుతారు. హైదరాబాద్ తాలాబుల మీద నడిచిందని మాత్రం వాళ్లలో సగం మందికి తెలియకపోవచ్చు.

1999 జనవరి 27న వచ్చిన మొదటి తీర్పు రాసింది జస్టిస్ ఎం. జగన్నాధరావు, మన తెలుగాయనే. ఆయన మొదట తేల్చుకోవాలనుకున్నది ఫ్యాక్టరీ మంచిదా చెడ్డదా అని కాదు. ఇటువంటి సవాల్‌కు జవాబు చెప్పే కాబిలియత్ ఎవరికుంది అని. ఒక శాస్త్రవేత్త ఏమీ కాదంటాడు, మరొకరు ముప్పు ఉందంటారు. కానూన్ చదివిన జడ్జి ఈ ఇద్దరిలో ఎవరి మాట సరైనదో ఎట్లా నిర్ణయిస్తాడు? సైన్సు కూడా ఇవాళ నిక్కచ్చిగా చెప్పిన మాటను రేపు మార్చుకోవచ్చు. అందుకని ఆయన రెండు ఉసూల్‌లను గట్టిగా పట్టుకున్నారు. ఒకటి, నుక్సాన్ జరుగుతుందని పూర్తి రుజువు దొరికే దాకా ఆగక్కర్లేదు, ముప్పు ఉందన్నప్పుడు ముందే జాగ్రత్త పడాలి. రెండోది, సుబూత్ చూపించే బాధ్యత ఫ్యాక్టరీ పెట్టేవాడిది. నా తాలాబు పాడవుతుందని నేను నిరూపించనక్కర్లేదు, పాడు కాదని అతను నిరూపించాలి.

ఈ రెండు ఉసూల్‌లు మన దేశపు కానూన్‌లో నిలదొక్కుకున్నది అంతకు మూడేళ్ల ముందు, 1996లో, తమిళనాడు తోళ్ల శుద్ధి కర్మాగారాల ముకద్దమాలో. పాలార్ నది వెంట వందల టానరీలు శుద్ధి చేయని నీళ్లు ఒదిలి సుమారు 35 వేల హెక్టార్ల సాగుభూమిని పాడుచేశాయి. ఆంబూరు, వాణియంబాడి టానరీల మాలికుల్లో చాలామంది మన బిరాదరీవాళ్లేనని చెప్పకుండా దాటేయడం నాకు ఇష్టం లేదు. హజ్‌కు పోయొచ్చినవాళ్లు, మదర్సాలకు చందాలు ఇచ్చినవాళ్లు కూడా అందులో ఉన్నారు. ఊరి బావి పాడయ్యాక ఎవరు పాడుచేశారో వాళ్ల పేరు ఏ జుబాన్‌లో ఉందో నీళ్లు చూడవు.

సుప్రీంకోర్టు సాంకేతిక విషయాలను తేల్చమని అప్పట్లో కొత్తగా వచ్చిన జాతీయ పర్యావరణ అప్పీలు అథారిటీకి పంపింది. నివేదికలు వచ్చాక 2000 డిసెంబర్ 1న తుది ఫైసలా ఇచ్చింది. ఇజాజత్ ఇవ్వనని మండలి అన్నదే సరైనదని తేల్చింది. సర్కారు పర్మిషన్లు నమ్మి ఖర్చు పెట్టామన్న కంపెనీ వాదన నిలవలేదు. మనకు అసలు ముఖ్యమైన మాట మినహాయింపు గురించి. 18వ సెక్షన్ కింద మండలికి ఆదేశాలిచ్చే అధికారం సర్కారుకు ఉన్నా, తాగునీటి తాలాబుల చుట్టూ అందరికీ గీసిన హద్దులోంచి ఒక్క ఫ్యాక్టరీని తప్పించడానికి అది పనికిరాదని కోర్టు తేల్చింది. మంచినీళ్లు తాగే హక్కు బతికే హక్కులో భాగం, దాన్ని ముప్పులో పెట్టే మాఫీ చెల్లదు అని.

పెద్దషాపూర్ నుంచి ఇంకొక పెద్ద సంగతి పుట్టింది. శాస్త్రవేత్తలు కూడా బెంచి మీద ఉండే ప్రత్యేక పర్యావరణ అదాలత్‌లు కావాలని జస్టిస్ జగన్నాధరావు ఆ తీర్పులో రాశారు. రిటైరయ్యాక ఆయనే లా కమిషన్ చైర్మన్ అయ్యారు, 2003లో 186వ రిపోర్టుగా అదే సిఫారిష్ చేశారు. 2010లో వచ్చిన నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్ చట్టానికి బీజం అక్కడుంది. పటాన్‌చెరు కిసాన్ల ఫైలు చివరికి చేరింది ఆ ట్రిబ్యునల్‌కే.

ఇంత గెలిచాక తాలాబులు నిక్షేపంగా ఉండాలి కదా. ఉండలేదు. ఫ్యాక్టరీని ఆపిన హద్దు ఫామ్‌హౌస్‌లను ఆపలేదు, ఫంక్షన్ హాళ్లను ఆపలేదు, కాలేజీ బిల్డింగులను ఆపలేదు. 2008లో షంషాబాద్‌కు ఎయిర్‌పోర్టు వచ్చింది, చుట్టూ ఔటర్ రింగ్ రోడ్డు వచ్చింది, జమీన్ ఖీమత్ ఆకాశానికి పోయింది. తాలాబులోకి నీళ్లు తెచ్చే కాలువలకు అడ్డంగా ప్రహరీలు లేచాయి, బోర్లు పడ్డాయి. సంవత్సరాల తరబడి రెండు తాలాబులూ నిండనే లేదు.

ఆ 84 గ్రామాల కిసాన్ల వైపు నుంచి కూడా ఒక మాట వినాలి. పర్యావరణం గురించి రాసేవాళ్లు దీన్ని తొందరగా దాటేస్తారు. హద్దుకు ఆ పక్క ఊరిలో ఎకరం కోట్లు పలుకుతుంటే, ఈ పక్క ఊరిలో బేటీ పెళ్లికి అర ఎకరం అమ్ముదామన్నా ఖరీదుదారుడు దొరకడు. దొరికినా జీవో 111 పేరు చెప్పి సగం ధరకు అడుగుతాడు. ఆ అడిగినవాడే రేపు అక్కడ ఫామ్‌హౌస్ కడతాడు, అతన్ని ఎవరూ అడగరు. షహర్ నీళ్లు తాగింది, దాని కోసం ఊళ్లు తమ జమీన్ విలువ వదులుకున్నాయి, బదులుగా వాటికి ముఆవజా అనేదేదీ లేదు. ఇరవై ఆరేళ్లలో ఏ సర్కారూ ఆ హిసాబ్ తీయలేదు. హద్దు ఎత్తేయమని వాళ్లు ధర్నాలు చేశారంటే తాలాబు మీద దుష్మనీతో చేయలేదు. జీవో 111 బరువంతా మోసింది వాళ్లే కాబట్టి చేశారు.

2022 ఏప్రిల్ 12న తెలంగాణ సర్కారు జీవో 69 తీసి జీవో 111 ఆంక్షలను ఎత్తేసింది. అందులో చెప్పిన కారణం ఒక లెక్క: 1996లో షహర్ తాగునీళ్లలో ఈ రెండు తాలాబుల వాటా 27 శాతానికి పైగా ఉండేది, ఇప్పుడు 1.25 శాతం కూడా లేదు. 2004 నుంచి కృష్ణా నీళ్లు, 2015 నుంచి గోదావరి నీళ్లు వస్తున్నాయి, కాబట్టి గండిపేట మీద ఆధారపడక్కర్లేదు అని. 2023 మేలో మంత్రివర్గం జీవో 111ను పూర్తిగా రద్దు చేస్తామని ప్రకటించింది.

1997లో ఒక్క కంపెనీకి మినహాయింపు ఇస్తే సుప్రీంకోర్టు కొట్టేసింది. 2022లో 84 గ్రామాలకూ ఒకేసారి ఇచ్చేశారు. ఒక్కరికిచ్చే మాఫీలో కనిపించే అన్యాయం అందరికీ ఇచ్చేదాంట్లో తొందరగా కనిపించదు, పైగా అందులో కిసాన్ల నిజమైన గోడు కూడా కలిసి ఉంది. అయితే ఆ శాతం లెక్కలో రెండు సంగతులు ఎగిరిపోయాయి. వాటా తగ్గిందంటే దానికి ఒక కారణం తాలాబుల్లోకి వచ్చే నీళ్ల దారులు మూసుకుపోవడమే, ఆ దారులు కాపాడాల్సింది ఎవరు? రెండోది, ఇవి తాగునీళ్ల కోసమే కట్టినవి కావు. తుగ్యానీ మళ్లీ రాకూడదని కట్టినవి. 2020 అక్టోబర్‌లో హిమాయత్ సాగర్ గేట్లు ఎత్తినప్పుడు చాదర్‌ఘాట్, మూసానగర్ ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. 2025 సెప్టెంబర్ చివర్లో రెండు తాలాబుల గేట్లూ ఎత్తితే మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లోకి మూసీ దిగింది, ముసాఫిర్లు రాత్రిపూట చిక్కుకుపోయారు. పైన పరీవాహకంలో నేలంతా సిమెంటు అయితే ఆ నీళ్లు ఎంత తొందరగా దిగుతాయో విశ్వేశ్వరయ్య రిపోర్టు చదవక్కర్లేదు, మూసీ ఒడ్డున కిరాయికి ఉండే ఏ అమ్మీని అడిగినా చెబుతుంది.

జీవో 69లో ఒక షర్తు కూడా ఉంది: రెండు తాలాబుల నీళ్ల నాణ్యత ఏ రకంగానూ దెబ్బతినకూడదు. ఎట్లా కాపాడాలో చెప్పడానికి ప్రధాన కార్యదర్శి అధ్యక్షతన ఒక కమిటీ వేశారు, మురుగు శుద్ధి కేంద్రాలు ఎక్కడ పెట్టాలో, కాలువలు ఎట్లా మళ్లించాలో అది చెప్పాలి. పేర్ల జాబితాలో పురపాలక శాఖ, ఆర్థిక శాఖ, నీటిపారుదల శాఖ, జలమండలి ఉన్నాయి. కాలుష్య నియంత్రణ మండలికి కూడా అందులో ఒక కుర్చీ ఉంది.